నిర్మాల్యం సంచి

మా ఇంట్లో దేవుడికి పెట్టిన పూలు చెత్తలో వెయ్యరు. అవి వాడిపోయినా, నల్లబడిపోయినా, చెత్తబండి డబ్బాలో కోడిగుడ్డు పెంకుల పక్కన పడటానికి వీల్లేదు. నలుగురు తొక్కే చోట అసలే పడకూడదు. పారే నీళ్లలో కలపాలి. మా ఆవిడ పుట్టింట్లో పెరటి వెనకే పంటకాలువ ఉండేది. పొద్దున్నే పళ్లెంలో నిర్మాల్యం తీసుకెళ్లి కాలువలో వదిలేసి, అక్కడే చేతులు కడుక్కుని వచ్చేవాళ్లట. మేమిప్పుడు నాచారంలో ఉంటున్నాం. ఇక్కడ మా వీధిలో పారే నీళ్లంటే వానాకాలంలో రోడ్డు మీద పారేవే.

అందుకని ఆ పూలన్నీ బట్టల షాపు వాళ్లిచ్చిన సంచిలో పోగవుతాయి. సంచి నిండాక తీసుకెళ్లి మూసీలో వెయ్యడం నా పని. మా ఆఫీసు నాగోలు దాటాక ఉంది కాబట్టి ఉప్పల్ మీదుగా వెళ్తూ రోజూ వంతెన దాటుతాను. చెప్పుకోవడానికి ఇంతకంటే తేలికైన పని ఉండదు. కానీ ఆ వంతెనకి మనిషెత్తు జాలీ ఉంది. బండి పక్కకి తీసి ఆపాలి, వెనకవాళ్లు హారన్లు కొడతారు, సంచిని జాలీ మీదుగా విసరాలి. బట్టతల వచ్చిన వాణ్ని, టక్ చేసుకుని నదిలోకి చెత్త విసురుతుంటే ఎవడో ఒకడు ఫోన్‌లో తీస్తాడేమోనని బయట భయం. వెయ్యలేదంటే ఇంట్లో భయం. రెంటికీ మధ్య నేను కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే సంచిని స్కూటర్ ముందు కొక్కేనికి తగిలించుకుని ఆఫీసుకి వెళ్లడం, మళ్లీ దాన్ని తగిలించుకునే ఇంటికి రావడం. ఆ శ్రావణమాసమంతా సంచి నాతోపాటు క్రమం తప్పకుండా ఆఫీసుకి వచ్చింది.

"ఏవండీ, ఇంకా వెయ్యలేదా?" అని మా ఆవిడ అడిగేది. "రేపు" అనేవాణ్ని. ఆవిడ నన్ను ఎరుగును కాబట్టి గట్టిగా అనేది కాదు. వరలక్ష్మీవ్రతం అయ్యాక మాత్రం, "పంచామృతం తగిలిన దండలున్నాయండీ అందులో, ఈగలు ముసురుతున్నాయి, ఈసారైనా మర్చిపోకండి" అంది. వాటిలో కలశానికి వేసిన పెద్ద చామంతి దండ ఒకటి. ఉప్పల్ చౌరస్తాలో బేరమాడి నేనే కొన్నాను. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార అన్నీ ఒలికి ముద్దయిపోయింది. సరేనన్నాను. స్కూటర్‌కి తగిలించాను. ఆ సాయంత్రం కూడా దాంతోనే తిరిగొచ్చి, బండి ఇంటి కింద పార్కింగులో పెట్టి పైకి వచ్చేశాను.

కుక్క సంగతి చెప్పాలి. అది మా వీధికుక్కకి పుట్టిన పిల్ల. తల్లి బండి కింద పడి చనిపోతే మా ఆవిడ పాలు పోసింది. నేను వద్దన్నాను. అద్దె ఇంట్లో కుక్కేమిటన్నాను. రేబిస్ గురించి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. అయినా అది పార్కింగులో పడుకోవడం మొదలుపెట్టి, తర్వాత మెట్ల మీదకి, ఆ తర్వాత మా గుమ్మంలోకి వచ్చేసింది. ఏడాది తిరిగేసరికి సాయంత్రం నా స్కూటర్ చప్పుడు వీధి మలుపులో వినగానే గేటు దగ్గరకి పరుగెత్తేది. దానికి మేం పెట్టిన పేరొకటుంది కానీ అది ఏ పేరుకైనా వచ్చేది. మరీ ముఖ్యంగా నా దగ్గరకే వచ్చేది. అన్నం పెట్టేది ఆవిడ, స్నానం చేయించేది ఆవిడ. తోక మాత్రం నా కాళ్ల దగ్గరే ఊపేది. దాంతో నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది.

మర్నాడు పొద్దున పార్కింగ్ నిండా పూలు. సంచి చిరిగి స్కూటర్ కింద పడి ఉంది. కుక్క మూతికి తేనె అంటుకుని, దాని మీద పసుపు రేకులు అతుక్కుని, అది పెళ్లికొచ్చిన బంధువులా హాయిగా కూర్చుంది. మా ఆవిడ ముందు చెంపలు వేసుకుంది, తర్వాత దాన్ని చూసి నవ్వేసింది. "అమ్మవారి ప్రసాదం దానికే దక్కింది" అంటూ పూలన్నీ ఊడ్చి వేరే సంచిలో ఎత్తింది. పూలు ఉన్నాయి, తమలపాకులు ఉన్నాయి, నలిగిన తోరాలున్నాయి. పెద్ద దండ దారం ఎక్కడ అని మాత్రం మేమిద్దరం చూడలేదు. పూలు చూసేవాళ్లకి దారం గుర్తు రాదు కదా.

ఆ సాయంత్రం అది గేటు దగ్గరకి రాలేదు. రాత్రి తిన్నది కక్కేసింది. మర్నాడంతా నీళ్లు తాగడం, కక్కడం. గడ్డి తిన్నదేమోలే అన్నాను. కుక్కలకి ఇవన్నీ మామూలే అన్నాను. ఇలాంటి విషయాల్లో నాకు ఏమీ తెలియకపోయినా నా గొంతులో ధీమా ఉంటుంది. ముప్ఫై ఏళ్ల గుమాస్తాగిరీలో సంపాదించింది అదొక్కటే. మా ఆవిడ ఆ ధీమాని నమ్మింది.

ఆదివారం పొద్దున చూస్తే అది వీపు విల్లులా వంచి పార్కింగు మూల నిలబడి ముక్కుతోంది. ఏమీ రావడం లేదు. తోక కింద నుంచి ఒక దారం వేలాడుతోంది, జానెడు కూడా లేదు. తెల్లటి ప్లాస్టిక్ దారం. ఇప్పుడు దండలన్నీ దాంతోనే గుచ్చుతున్నారు, అరటినార ఎవడికీ దొరకదు. చివర చామంతి రేకు ఒకటి ఇంకా పట్టుకుని ఉంది.

"అయ్యో, దండ దారమండీ!" అంది మా ఆవిడ.

నిజం చెప్తున్నాను, నాకు ఆ క్షణంలో సంతోషం వేసింది. రోగమేమిటో తెలిసిపోయింది, మందు కళ్లెదుటే వేలాడుతోంది. లాగేస్తే అయిపోయె. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు అప్పుడే పళ్లు తోముకుంటూ బయటికొచ్చాడు. జనగామ నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన. నన్ను సారంటాడు, నేను ఆయన్ని అన్న అంటాను.

"ఏమైంది సారు, కుక్కకు?" అని వంగి చూశాడు. "గిదా! దారం మింగిందా? ముందుగాల ఇంత పెరుగన్నం పెట్టున్రి, కడుపుల జారుడైతది. అరటిపండు గూడ పెట్టున్రి. కొబ్బరినూనె రాసి మెల్లగ గుంజితే ఎల్లొస్తది. ఫికర్ చెయ్యకున్రి."

ఎదురుగా ఇద్దరు మనుషులు, ఒక కుక్క, నా మీదే చూపులు. మా ఆవిడ పెరుగన్నం కలిపి తెచ్చింది. దానికి తినాలని లేదు. ఆవిడ చేతిలో పెట్టి బతిమాలితే, ఆవిడ మాట కాదనలేక నాలుగు ముద్దలు నాకింది. అరటిపండు నేను నోరు తెరిచి పెట్టాను. తర్వాత ఆవిడ దాని తల ఒళ్లో పెట్టుకుని పట్టుకుంది. నేను వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చుని వేళ్లకి నూనె రాసుకున్నాను.

మొదట కొంచెం వచ్చింది. బెత్తెడు ఉంటుందేమో. "వస్తోంది, వస్తోంది" అన్నాను. తర్వాత ఆగింది. ఎక్కడో పట్టుకున్నట్టు బిగుసుకుంది. కుక్క ఒక అరుపు అరిచింది. అలాంటి అరుపు దాని నోటి వెంట నేనెప్పుడూ వినలేదు. అక్కడ ఆగి ఉండాల్సింది. "ఇంక చాలండీ" అంది మా ఆవిడ. ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది, వినిపించలేదని చెప్పుకోవడానికి లేదు. కానీ సగం పనిలో వదిలేస్తే మిగతాది లోపలే ఉండిపోతుందని నా తెలివి. ఈసారి కొంచెం గట్టిగా లాగాను.

అది మెడ తిప్పి నా మణికట్టు నోట కరుచుకుంది. పళ్లు దించలేదు. ఊరికే పట్టుకుంది, వద్దని చెప్పడానికి. నేను వదిలేశాను. అది నా చెయ్యి వదిలి, అక్కడే పక్కకి ఒరిగి పడుకుంది.

అప్పుడు ఆటో పిలిచాం. మొదట వెళ్లిన క్లినిక్కి ఆదివారం సెలవు. ఆటో అతను వెనక్కి తిప్పి ఉప్పల్ రింగు రోడ్డు వైపు పోనిచ్చాడు. మెట్రో స్తంభాల కింద ఆటో ఆగినప్పుడల్లా అది నా తొడ మీద తల ఇటూ అటూ మార్చుకునేది. మా ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "నా మడి, నా పట్టుదల! ఆ పూలేవో చెత్తబండిలో పడేసి ఉంటే దీనికి ఈ గతి పట్టేది కాదు. అమ్మవారు అడిగిందా వీటిని దాచమని?" అంది.

ఆవిడ తప్పు తన నెత్తిన వేసుకుంటుంటే నాకు కాస్త తేలికగా ఉంది. శ్రావణమాసమంతా ఆ సంచిని ఊరేగించింది నేను. అయినా ఆ ఆటోలో ఉన్నంతసేపూ ఆవిడని అలా అనుకోనిచ్చాను. దీనికి నన్ను నేను ఏమని తిట్టుకోవాలో ఇప్పటికీ తెలియదు.

క్లినిక్‌లో డాక్టరమ్మ ఉంది. నలభై లోపు వయసు, గొంతు పెద్దది. కుక్కని బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది. నోరు తెరిచి నాలుక కింద వెతికింది. తోక ఎత్తి చూసి ఆగిపోయింది.

"దీన్ని ఎవరన్న గుంజిన్రా?"

"మా ఇంటి ఓనరు లాగమన్నాడండీ" అన్నాను.

అడిగింది ఎవరు లాగారని. నేను చెప్పింది ఎవరు లాగమన్నారని. మా ఆవిడ నావైపు చూసింది. ఆ చూపు తర్వాత నేను ఇంకో మాట చేర్చాను. "లాగింది నేనేనండీ. రెండుసార్లు. రెండోసారి గట్టిగా."

డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. రోజూ చెప్పే మాటే మళ్లీ చెప్తున్నట్టు చెప్పింది. "దారం ఒక్క కొస బయటికొచ్చిందంటే ఇంకో కొస లోపల యాడనో చిక్కుకుని ఉంటది సార్. దీనికి పొట్టల్నే చిక్కుకున్నట్టున్నది. లంగా బొందు గుంజితే కుచ్చులు ఎట్ల పడ్తయి? పేగులు గట్లనే కుచ్చులు పడ్తయి. ఇంక గుంజితే దారం పేగును కోస్తది. ఎప్పుడు గుంజొద్దు. బయట వేలాడేది ఎక్కువుంటే కత్తెరతోని కత్తిరించి, లోపలిది ముట్టకుండ తీసుకరావాలె. అంతే."

"కక్కించి ఉంటే..." అంది మా ఆవిడ.

"వద్దమ్మా. కక్కియ్యొద్దు. తినబెట్టొద్దు. ఏమన్న పెట్టిన్రా పొద్దుగాల?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పెరుగన్నం, అరటిపండు అని చెప్పాల్సి వచ్చింది. డాక్టరమ్మ గడియారం వైపు చూసి నిట్టూర్చింది. కడుపులో అన్నం ఉంటే మత్తు ఇవ్వడం ప్రమాదం, కక్కితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలాగని ఎక్కువసేపు ఆగలేం. సెలైన్ పెట్టి, స్కాన్ చేసి, మధ్యాహ్నానికి కోస్తానంది. బతుకుతుందా అని మా ఆవిడ అడిగింది. "పేగు తెగకుంటే బతుకుతది. తెగి ఉంటే చెప్పలేను" అని డాక్టరమ్మ నావైపు చూడకుండా చెప్పింది. చూడకపోవడం ఆవిడ మంచితనం.

ప్రేమగా పెట్టిన నాలుగు ముద్దలు కూడా దాని ప్రాణానికే అడ్డం వచ్చాయి. ఆ మధ్యాహ్నం క్లినిక్ బయట బెంచీ మీద కూర్చుని నా కుడిచేతి వేళ్లు చూసుకున్నాను. ఇంకా కొబ్బరినూనె వాసన వస్తోంది. లేచి వెళ్లి పక్కనున్న టీకొట్టు దగ్గర నీళ్లు పోయించుకుని రుద్ది రుద్ది కడిగాను. టీకొట్టు అతను ఏదో అంటుకుందనుకుని సబ్బు ముక్క ఇచ్చాడు.

ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ బయటికి వచ్చి చెప్పింది. దారం మూడు నాలుగు చోట్ల పేగును కోసింది. ఒక చోట బాగా తెగితే ఆ ముక్క తీసేసి మిగతాది కలిపి కుట్టింది. నేను ఉండబట్టలేక అడిగాను. నేను లాగకుండా ఉంటే?

"చెప్పలేం సార్. గుంజకున్నా రెండు దినాలల్ల కోసేదేమో" అంది. కొంచెం ఆగి, "కానీ ఇంత గనం కోసేది గాదు" అంది. నాకు ఆ రెండో మాటే కావాలి. మొదటి మాటని ఎవరైనా చెప్తారు. కుట్లు ఆగుతాయా, లోపల కారుతుందా అనేది నాలుగైదు రోజుల్లో తేలుతుందనీ, అప్పటిదాకా తన దగ్గరే ఉంచాలనీ చెప్పింది.

ఆ రోజుల్లో నేను పొద్దున ఆఫీసుకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి క్లినిక్ దగ్గర ఆగేవాణ్ని. అది పంజరంలో పడుకుని ఉండేది, కాలికి సెలైన్ సూది, మెడకి గరాటులాంటి ప్లాస్టిక్ పట్టీ. నన్ను చూడగానే తోక నేల మీద ఒకటి రెండుసార్లు కొట్టేది. లేవడానికి సత్తువ లేకపోయినా తోక ఆడించేది. నేను ఎక్కువసేపు నిలబడలేకపోయేవాణ్ని. మందుల చీటీ ఏమన్నా ఉందా అని అడిగి వచ్చేసేవాణ్ని.

ఇంటి దగ్గర ఇంకో బాధ. ఓనరన్న రోజూ గేటు దగ్గర కాపు కాసేవాడు. "ఎట్లుంది సారు? తిన్నదా? మాడుమొఖపోన్ని, నేనే గుంజుమని చెప్పిన. మా ఊర్లె బర్రెకు గట్లనే అయితే గుంజినం, ఎల్లింది. గదే యాదికొచ్చి చెప్పిన" అనేవాడు. ఒక రోజైతే పెద్దాయన కళ్లలో నీళ్లు. ఆయన పేరు డాక్టర్ దగ్గర ముందు చెప్పింది నేనే అని ఆయనకి తెలియదు. "మీ తప్పేం లేదన్నా, చెయ్యి నాది" అన్నాను. ఆయన వినలేదు. పైన మా ఆవిడా తననే తిట్టుకునేది. పూజ చేస్తూ దండలు మానేసి, పెరట్లో నందివర్ధనం పూలు నాలుగు కోసి పెట్టేది. దీపం ముందు ఏం మొక్కుకునేదో నాకు వినిపించేది కాదు కానీ ఎవరి కోసమో తెలుస్తూనే ఉండేది. తప్పు నాదంటే నాదని మూడు వాటాలు పంచుకున్నాం. అయినా నా వాటా తగ్గలేదు. నన్ను ఎవరైనా నాలుగు మాటలు అని ఉంటే బాగుండుననిపించేది. ఆటోలో అననిది ఒకరోజు భోజనాల దగ్గర అన్నాను. "సంచి నేను వెయ్యకపోవడం వల్ల వచ్చింది ఇదంతా. నువ్వేం చేశావు మధ్యలో?"

"తెలుసు" అంది ఆవిడ. చారు వడ్డిస్తూనే అంది. "మీరు ఆ మాట ఎప్పుడంటారా అని చూస్తున్నాను." తర్వాత మజ్జిగ కూడా పోసింది. ఇంక ఆ విషయం ఎత్తలేదు.

నాలుగు రోజులు గడిచాయి. లోపల కారలేదు. జ్వరం తగ్గింది. గంజి తాగింది, కక్కలేదు. ఇంటికి తెచ్చుకోమన్నారు. అది మెట్లెక్కలేకపోతే నేను ఎత్తుకుని పైకి తెచ్చాను. అంతకుముందు కంటే చాలా తేలికగా ఉంది. పొట్ట మీద వెంట్రుకలు గీసేసి నిలువునా కుట్లు. చేతులు ఎక్కడ వెయ్యాలో తెలియక మెట్టు మెట్టుకీ ఆగాను. అప్పటి నుంచీ దానికి దగ్గరగా వెళ్లాలంటే నాకే భయం. దాన్ని నిమరాలనిపించినా చెయ్యి సగంలో ఆగిపోయేది. అదే లేచి వచ్చి చేతి కింద తల పెట్టేది.

కుట్లు విప్పే రోజున దానితో కలిపి ముగ్గురం ఆటోలో వెళ్లాం. క్లినిక్ ఉన్న సందు మొదట్లోనే అది గుర్తుపట్టింది. ఆటో దిగనంటూ కాళ్లు తన్నిపెట్టింది. ఎలాగో లోపలికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ తెల్లకోటుతో ఎదురుగా రాగానే అది గుర్రుమంది. మా కుక్క మనుషుల మీద గుర్రుమనడం అదే మొదటిసారి. వీపు మీద వెంట్రుకలన్నీ లేచాయి, పెదవి పైకెత్తి పళ్లు చూపించింది. డాక్టరమ్మ రెండడుగులు ముందుకి వేసేసరికి వెనక్కి తిరిగి ఒక్క గెంతు గెంతి నా కాళ్ల వెనక దూరింది. నా మోకాళ్ల మధ్య తల పెట్టి ఒళ్లంతా వణుకుతోంది. అక్కడినుంచే ఆవిడని చూసి మళ్లీ గుర్రుమంది.

డాక్టరమ్మ పెద్దగా నవ్వింది. "చూడమ్మా, ప్రాణం పోసిన నన్నేమో కరవనీకె వస్తది, దాక్కునేదేమో సార్ కాడ. అయినా గట్లనే ఉండాలె తియ్యి. దానికి మీరుంటే భయం లేదు." మా ఆవిడ కూడా నవ్వబోయి, నా మొహం చూసి ఆపేసింది.

కరిస్తే నన్ను కరవాలి. ఆ రోజు నేను లాగుతున్నప్పుడు కరిచి ఉన్నా నాకు ఇంత బాధ ఉండేది కాదు. దానికి నొప్పి ఎవరిచ్చారో తెలియదా? తెలుసు. నా మణికట్టే కదా పట్టుకుంది. తెలిసి కూడా దాక్కోవడానికి నా దగ్గరకే వచ్చింది. అంతమంది ముందు నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"సార్, మీరే ఎత్తి బల్ల మీద పడుకోబెట్టున్రి" అంది డాక్టరమ్మ, చిన్న కత్తెర తీసుకుంటూ. "ఇంకెవ్వరు పట్టుకున్నా కదులుతది. మీరు పట్టుకుంటే కదలదు."

పట్టుకున్నాను. కదల్లేదు.